తలుపు పక్క చోటు

ఆ బండికి వెనక ఒక తలుపు, పైన ఒక మూత. రెండూ ఇనుమే. రెండూ బిగించేస్తే లోపల మేము, మా ఊపిరి, ఒక చిన్న ఎర్రదీపం, అంతే. తూటాలు తగలకుండా దళాన్ని యుద్ధం దాకా మోసుకుపోవడానికి చేసిన బండి అది. దానికి మావాళ్ళు పెట్టుకున్న పేరు విజిల్ లేని కుక్కరు.

లోపల ఎదురెదురుగా రెండు బల్లలు. కూర్చుంటే ఇటువాళ్ళ మోకాళ్ళు అటువాళ్ళ మోకాళ్ళ మధ్యకు వెళ్ళేవి, రెండు దువ్వెనల పళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు. ఒకడు కాలు చాపాలంటే ఎదుటివాడు ముడుచుకోవాలి. ముందువైపు, మూత కింద, మా దళనాయకుడి చోటు. ఆయన్ని అందరం పెద్దన్న అనేవాళ్ళం. ఆయన పక్కనే ఎడమ బల్ల మీద మొదటి చోటు నాది. గాయాలకు కట్లు కట్టడం నా పని కాబట్టి నేను అందరికీ కాంపౌండరు గారిని. కుడి బల్ల చివర, తలుపు పక్కన, బావ. మెషిన్‌గన్ అతని దగ్గర ఉంటుంది, తలుపు తెరవగానే ముందు దూకాల్సింది అతనే. అతని పక్కన బావమరిది. ఇవి ముద్దుపేర్లు కావు. నిజంగానే వీడి అక్కను అతను చేసుకున్నాడు. బావకు ఎదురుగా, ఎడమ బల్ల చివర కోడిపుంజు. అందరికంటే ముందు లేచి గొంతెత్తుతాడని ఆ పేరు. మధ్యలో మరో ఇద్దరు. ముందు భాగంలో, ఇనుప గోడకు అవతల, డ్రైవరు.

ఇంజను వేస్తే ఫ్యాను తిరిగేది, మాట వినబడేది కాదు. ఇంజను ఆపితే మాట వినబడేది, గాలి ఆగిపోయేది. రెండూ కావాలంటే తలుపు తెరవాలి. తలుపు తెరవకూడదు.

అందుకని మా దళంలో ఒక పద్ధతి ఉండేది. పెద్దన్న తన కుడిపక్కవాడి మోకాలు ఒకసారి తట్టేవాడు. వాడు తన పక్కవాడి మోకాలు. అలా కుడి బల్ల చివర బావ దాకా వెళ్ళి, బావ చేతి నుంచి ఎదురుగా కోడిపుంజుకు దాటి, ఎడమ బల్ల మీదుగా నా దాకా వచ్చేది. నేను పెద్దన్న భుజం తట్టేవాణ్ణి. తట్టు తిరిగి వచ్చిందంటే అందరూ తెలివిలో ఉన్నట్టు. ఆయన తల ఊపి మళ్ళీ రేడియో చెవికి ఆనించుకునేవాడు.

బావ మాత్రం ఎప్పుడూ రెండుసార్లు కొట్టేవాడు, అదీ బండ మీద తడిబట్ట బాదినట్టు.

"నా మోకాలేమన్నా మీ అత్తగారి సొమ్మనుకున్నావా?" అని కోడిపుంజు విసుక్కునేవాడు.

"అత్తగారి సొమ్మయితే కాస్త జాగ్రత్తగానే కొట్టేవాణ్ణి."

"మధ్యలో మా అమ్మ ఏం చేసిందిరా మీకు?" అని బావమరిది.

"నిన్ను కనింది కదరా సన్నాసీ, అది చాలదూ!"

ఇరుకులో ఆ మాత్రం నవ్వు కూడా కిటికీ లాంటిదే.

ఆ రోజు మేము ఎండిపోయిన ఏటి గర్భంలో, ఒడ్డు చాటున ఆగి ఉన్నాం. ఎదుటి కొండ మీద శత్రువు. పైన వంతెన దగ్గర మావాళ్ళ దాడి మొదలవగానే రేడియోలో కబురు వస్తుంది, మేం గట్టెక్కి పరుగెత్తాలి. అప్పటిదాకా మూత, తలుపు బిగించి ఉండాలని ఆజ్ఞ. ముందటి వారం మా పక్క దళం వాళ్ళు ఉక్కకు తాళలేక మూత తెరిచారు. కొండ మీదివాళ్ళకు ఆ మెరుపు చాలింది. ఆ బండి ఇప్పుడు లేదు.

తెల్లవారగానే లోపలికి ఎక్కినవాళ్ళం, కబురు రాలేదు. ఎండ ఎక్కింది. ఇనుము వేడెక్కింది. వీపు ఆనిస్తే కాలేది, ఆనించకపోతే నడుం పడిపోయేది. ఫ్యాను గాలి ముందు నుంచి వచ్చి ముందున్న మా ఇద్దరు ముగ్గురి దగ్గరే చచ్చిపోయేది. తలుపు దగ్గర చోటుకు చేరేది కాదు. విచిత్రం ఏమిటంటే, తలుపు ఉంది కాబట్టి అదే మంచి చోటని మా అందరి నమ్మకం. తెరవని తలుపు గోడే కదా అని ఎవరికీ తట్టలేదు.

మనుషులు మందగించడం నేను చూస్తూనే ఉన్నాను. కళ్ళు మూసుకుని తుపాకీ విప్పి బిగించగలవాడు జేబు గుండీ పెట్టుకోలేక దానితోనే కుస్తీ పడుతున్నాడు. పెద్దన్న పటం చూస్తున్నాడు, చూస్తూనే ఉన్నాడు, అది తలకిందులుగా ఉంది. నేను చుట్టిన కట్టునే విప్పి మళ్ళీ చుడుతున్నాను, ఎందుకో నాకే తెలియదు. ఇంజను ఆపినప్పుడల్లా కోడిపుంజు ఒకటే అడిగేవాడు.

"కబురొచ్చిందా అన్నా?"

"వస్తే నీకు చెప్పకుండా నేనొక్కణ్ణే పోతానారా?"

కాసేపాగి మళ్ళీ అదే ప్రశ్న. చివరకు పెద్దన్న జవాబు చెప్పడం మానేశాడు. కోడిపుంజుకు అది కూడా తెలిసినట్టు లేదు.

ఇంజను వేశారు. తట్టు వెళ్ళింది, తిరిగి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. నేను పెద్దన్న భుజం తట్టాను. ఆయన తల ఊపాడు.

మధ్యాహ్నం దాటాక ఇంజను వేడెక్కి, డ్రైవరు దాన్ని ఆపేశాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం. అందరూ రెండు గుక్కలు నీళ్ళు తాగండని పెద్దన్న చెప్పాడు. సీసా చేతులు మారుతూ చివరికి వెళ్ళింది.

"బావా, నీళ్ళు," అన్నాడు బావమరిది. "ఇదిగో బావా. లేవరా నాయనా, తర్వాత పడుకుందువు గాని." నీళ్ళు గడ్డం మీదుగా కారిపోయిన చప్పుడు వినబడింది. "మొద్దునిద్ర. మా అక్క ఎలా వేగుతోందో ఇతనితో."

ఎవరో నవ్వారు.

"కాంపౌండరు గారూ," అన్నాడు వాడే, హుషారుగా. "బావకి చెమట ఆగిపోయిందండీ. కాస్త చల్లబడ్డట్టున్నాడు."

నా చేతిలోని కట్టు జారిపోయింది. అంత ఉక్కలో, అందరి ఒళ్ళూ చెమట ఓడుతుంటే, ఒకడికి చెమట ఆగిందంటే అది చల్లబడడం కాదు.

"మెడ మీద చెయ్యి వేసి చూడు."

వాడు వేశాడు. వెంటనే తీసేశాడు, పెనం ముట్టుకున్నవాడిలా.

నేను అతని దగ్గరకు వెళ్ళాలి. మధ్యలో ఉన్నది మనిషి పొడవుకు రెండింతలు కూడా లేని దూరం. కానీ ఆ బండిలో ఒకడు కదలాలంటే అందరూ ఒక వరసలో కదలాలి. ముందు ఎదుటివాడు కాళ్ళు పైకెత్తాలి, పక్కవాడు వాడి మీదికి వాలాలి, నడుమ సందు పడితే నేను పాకాలి. శిబిరంలో ఈ దారి వదలడం కళ్ళకు గంతలు కట్టుకుని చేసేవాళ్ళు మావాళ్ళు. అప్పుడు ఒకడి వెంట ఒకడు నీళ్ళలా కదిలేవాళ్ళు.

ఇప్పుడు ఎత్తాల్సినవాడు వాలాడు, వాలాల్సినవాడు లేచి నిలబడి పైకప్పుకు తల కొట్టుకున్నాడు.

"కాళ్ళు తియ్యరా!"

"నీవే తియ్. నావి ఎక్కడున్నాయో నాకే తెలీట్లేదు."

"నెట్టకు! నెట్టావంటే మర్యాద దక్కదు చెప్తున్నా!"

నెట్టాడు. మధ్యలో పెట్టిన నీళ్ళ డబ్బా పక్కకు ఒరిగింది. దాన్ని పట్టుకోవాలని అందరూ చూశారు, ఎవరూ పట్టుకోలేదు. నీళ్ళు బూట్ల కింద జల్లెడ లాంటి ఇనుప పలకలోంచి దిగిపోయాయి. అది చూస్తూ ఒకడు, ఎంతో నెమ్మదిగా, "అయ్యో, పోయాయి," అన్నాడు, ఇంకెవరి ఇంట్లోనో పాలు పొంగినట్టు.

నేను వాళ్ళ తొడల మీదుగా పాకాను. బావ తల తలుపుకు ఆనించి ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, చూపు లేదు. ఊపిరి కుక్కపిల్లకు ఆడినట్టు ఆడుతోంది. చెంప మీద కొట్టాను, పిలిచాను. నాలుక కదిలింది, మాట రాలేదు.

"అన్నా," అన్నాను పెద్దన్నతో. "ఇతన్ని బయటికి తియ్యాలి. ఇప్పుడే."

ఆయన రేడియోలో అడిగాడు. అవతలి గొంతు అందరికీ వినబడింది. తెరవద్దు. ఆగండి.

"ఎంతసేపు ఆగగలడు కాంపౌండరు గారూ?"

"ఆగలేడు."

పెద్దన్న ఎర్రదీపం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన ముఖంలో ఒక లెక్క నడుస్తోంది. ఒకవైపు ఒక మనిషి, ఇంకోవైపు ఆ మనిషితో సహా అందరూ. ఆ లెక్క చేయడానికి కూడా గాలి కావాలి, అది ఆయన దగ్గర లేదు.

"అన్నా," అన్నాడు బావమరిది.

"కోడిపుంజూ, తలుపు తియ్యి."

"ఆర్డరొచ్చిందా?"

"నేనే ఆర్డరు. తియ్యరా."

కోడిపుంజు పిడి పట్టుకున్నాడు. పైకి లాగి బయటికి తోయాలి. ఎన్ని వందలసార్లు తీశాడో ఆ తలుపు. కిందికి నొక్కుతున్నాడు. బలమంతా పెట్టి కిందికి నొక్కుతున్నాడు. "రావట్లేదన్నా! పట్టేసింది! తలుపు పట్టేసిందన్నా!" అని ఏడుపు గొంతుతో అరుస్తున్నాడు. నేను వాడి చెయ్యి మీద చెయ్యి వేసి పైకి లాగాను. తలుపు తెరుచుకుంది.

వెలుతురు కళ్ళలో గుచ్చుకుంది. బయట కూడా ఎండే. కానీ కదిలే గాలి! నా ముఖం మీద ఒక్కసారి ఆడింది. నేను దానికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

ముగ్గురం అతన్ని మోసుకుని దిగాం. దిగగానే ముగ్గురం పడ్డాం. మోకాళ్ళు ముడుచుకుని అలవాటైన కాళ్ళు నిలబడడం మరచిపోయాయి. పాకుతూనే అతన్ని బండి నీడలోకి లాగాం. పెద్దన్న తలుపు దగ్గర తుపాకీతో నిలబడి కొండకేసి చూస్తున్నాడు. తుపాకీ కొన గాలిలో సున్నాలు చుడుతోంది.

నీళ్ళు లేవు. లోపలివి పోయాయి. సీసాలో గుక్కెడు మిగిలింది. నేను ఇసుక వైపు చూశాను. పైన తెల్లగా పొడిగా ఉంది. ఏరు చచ్చిపోయినా దాని తడి అంత త్వరగా చావదు.

"చెలమ తవ్వండి. టోపీలతో."

ఇనుప టోపీలు తీసి తవ్వడం మొదలుపెట్టారు. బావమరిది తవ్వి పోస్తున్నాడు. కోడిపుంజు తవ్వి, తీరా చూస్తే, వీడు తవ్విన గుంటలోకే పోస్తున్నాడు. వీడు మళ్ళీ తోడుతున్నాడు. ఇద్దరికీ అది తెలియడం లేదు. నేను కోడిపుంజును పట్టుకుని అటువైపు తిప్పి కూర్చోబెట్టాను.

నేను బావ చొక్కా కోసేశాను. పెద్దన్న పటం అట్టతో విసరడం మొదలుపెట్టాను. మా ఆవిడ పోయే ముందటి వేసవిలో, కరెంటు పోయినప్పుడు ఆవిడకు పత్రిక మడిచి ఇలాగే విసిరేవాణ్ణి. చెయ్యి నొప్పెట్టాక మణికట్టుతో విసరాలని ఆవిడే నేర్పింది, మంచంలో పడుకుని. ఆ నేర్పు ఇప్పుడు పనికొచ్చింది.

మోచెయ్యి దిగేంత లోతులో ఇసుక రంగు మారింది. ఇంకాస్త దిగితే అడుగున కన్ను తెరిచినట్టు నీళ్ళు ఊరాయి. మట్టినీళ్ళు, కానీ చల్లని నీళ్ళు. కోసిన చొక్కా అందులో ముంచి బావ ఛాతీ మీద, చంకల కింద పరిచాను. అది వెంటనే వేడెక్కింది. మళ్ళీ ముంచాను.

"నేనే తట్టానండీ," అన్నాడు బావమరిది, తవ్వడం ఆపకుండా.

"ఏమిటి?"

"తట్టు. బావ మోకాలు తడితే కదల్లేదు. రాత్రంతా కాపలా కాశాడు కదా, నిద్రపోతున్నాడనుకున్నా. పడుకోనీలే పాపం అని, అతని మీదుగా చెయ్యి చాపి నేనే కోడిపుంజును తట్టా. ఒకసారి కాదు. అన్నిసార్లూ నేనే." గుంటలోకి చూస్తూనే మాట్లాడుతున్నాడు. "మా అక్క వచ్చేటప్పుడు ఒకటే చెప్పిందండీ. మీ బావని కాస్త నిద్రపోనియ్యిరా, ఒళ్ళు తెలీకుండా పనిచేస్తాడు అని."

కోడిపుంజు తలెత్తాడు. "చెయ్యి తేడాగానే ఉందనిపించింది నాకు. ఒక్కటే తట్టు, మెత్తగా. అనిపించింది గాని..." టోపీలో ఇసుక పారబోశాడు. "అనిపించినదాన్ని అనుకోవడానికి ఓపిక లేకపోయిందిరా."

బావమరిదిని ఏమనగలను? నిద్రపోయేవాడి తరపున పక్కవాడు తట్టడం ఆ బండిలో దొంగతనం కాదు, దయ. ఆ ఇరుకులో ఒకడు ఇంకొకడికి ఇవ్వగలిగింది అదొక్కటే. గాలి ఇవ్వలేడు, చోటు ఇవ్వలేడు, కాస్త నిద్ర ఇవ్వగలడు.

ఎగువన ఎక్కడో ఒక గుండు పడి ఇసుక లేచింది. మమ్మల్ని చూసి వేశారో, ఊరికే వేశారో.

అప్పుడు రేడియో పలికింది. కదలండి.

పెద్దన్న నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. మళ్ళీ ఆ డబ్బాలోకి ఎక్కిస్తే గట్టెక్కే లోపే అతను పోతాడు.

"మీరు ఉండండి," అన్నాడు పెద్దన్న. "మిగతావాళ్ళు ఎక్కండి. బామ్మర్దీ, నువ్వూ ఎక్కు. మెషిన్‌గన్ ఇక నువ్వే."

"అన్నా, నేను కూడా..."

"అతని చోటులో కూర్చోవాలిరా ఎవరో ఒకరు. ఎక్కు!"

వాడు వంగి బావ నుదుటి మీద చెయ్యి పెట్టాడు. "మా అక్కకి ఏం చెప్పనండీ?" అని నన్ను అడిగాడు. నా జవాబు కోసం ఆగకుండా లేచి, తూలుతూ వెళ్ళి ఎక్కాడు. తలుపు పడింది. బండి గర్జించి కదిలింది. దానితోపాటు దాని నీడ కూడా బావ మీదుగా జరుగుతూ వెళ్ళిపోయింది.

అప్పుడు చూశాను. చెలమ పక్కన, ఇసుకలో, బావమరిది తుపాకీ పడి ఉంది. యుద్ధానికి పోతున్నవాడు తుపాకీ మరచిపోయాడు. పరుగెత్తాను, అరిచాను, చేతులు ఊపాను. ఆ చెవిటి డబ్బాకు ఏం వినబడుతుంది? గట్టెక్కి దుమ్ములో కలిసిపోయింది.

వెనక్కి వచ్చేసరికి బావకు వణుకు పట్టుకుంది. పళ్ళు బిగిసిపోయాయి. ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. అతను నాకంటే ఒకటిన్నర మనిషి. ఒడ్డు దాకా లాగబోయాను, రెండు బారలు కూడా కదల్లేదు. కూలబడ్డాను. ఏడుపు వచ్చింది గాని కన్నీళ్ళకు ఒంట్లో నీళ్ళు లేవు. చెయ్యి తుపాకీకి తగిలింది. దాన్ని తీసి, గొట్టం పైకుండేలా, వెనక చెక్కను ఇసుకలో పాతాను. నా చొక్కా విప్పి దాని మీదుగా వేసి కొసలు రాళ్ళ కింద అదిమాను. ముఖం మేరకు నీడ పడింది. వాడి మరుపు అలా ఆ మనిషికి పందిరైంది.

ఆ తర్వాత పని ఒకటే. ముంచడం, పరవడం, విసరడం. చెలమలో నీళ్ళు ఊరేదాకా ఆగడం, మళ్ళీ ముంచడం. పైన ఎక్కడో తుపాకులు మోగినప్పుడల్లా సొంత తుపాకీ కూడా లేని ఒక పిల్లాడు మెషిన్‌గన్ వెనక కూర్చున్నట్టు కళ్ళకు కట్టేది. ఇక్కడ ఇతను, అక్కడ వాడు. ఆ అక్కకు ఇద్దరూ కావాలి. ఇద్దరిలో ఒకరి గురించి మాత్రమే నేను ఏదైనా చేయగలను. మధ్యలో ఒకసారి బావ ఊపిరి ఆగినట్టనిపించి అతని పక్కటెముకల మీద చెవి పెట్టి పడుకున్నాను. గుండె దడదడలాడుతోంది. అది అతనిదో నాదో తేల్చుకోవడానికి చాలాసేపు పట్టింది.

నీడలు సాగే వేళకు అతని చంకలో తడి తగిలింది. చొక్కా తడి అనుకుని తుడిచాను. మళ్ళీ వచ్చింది. చెమట! ఇంత అందమైన వస్తువు నేను ఎన్నడూ చూడలేదు. కళ్ళు తెరిచాడు. నీళ్ళు చుక్కచుక్కగా పోస్తే మింగాడు. లేపి ఒక రాతి నీడన, దానికి ఆనించి కూర్చోబెట్టాను. తన చేతులు తానే చూసుకుంటూ కూర్చున్నాడు.

బండి చప్పుడు వినబడింది. దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. తలుపు, ఈసారి, లోపలినుంచి సులువుగానే తెరుచుకుంది. ఒక్కొక్కరే దిగారు. నేను లెక్కపెట్టలేదు, వాడి కోసం వెతికాను. దిగాడు.

"దాడి లేదు," అన్నాడు పెద్దన్న, చేతిలో టోపీ తిప్పుతూ. "సగం దారిలో వెనక్కి రమ్మన్నారు. వంతెన మీద ఎవరూ లేరట. శత్రువులు నిన్ననే ఖాళీ చేశారట." నవ్వబోయాడు, ముఖం కుదరలేదు. "తలుపు తీసినందుకు రేపు నా సంగతి చూస్తారు. చూడనీ."

బావమరిది అక్కడే ఆగిపోయాడు. దగ్గరికి వచ్చి అడగడానికి ధైర్యం చాలడం లేదు. నేను రమ్మని చెయ్యి ఊపాను. పరుగున వచ్చి బావ ఎదుట మోకాళ్ళ మీద పడ్డాడు.

"బావా! నీ దుంప తెగ, ఎంత భయపెట్టావు బావా! తిట్టు బావా, నన్ను తిట్టు."

బావ వాడి ముఖంలోకి చూశాడు. ఎంతో మర్యాదగా చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీరెవరండీ?" అన్నాడు.

కోడిపుంజు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పెళ్ళినాటి నుంచి బావమరిదిని ఒరే అని తప్ప పిలవని మనిషి. తిట్టినా అంత దెబ్బ తగిలేది కాదు వాడికి.

"కొన్నాళ్ళు పడుతుంది," అన్నాను. "ఎండ దెబ్బ తలకెక్కితే ఒక్కోసారి ఇలాగే ఉంటుంది. తిరిగి రావచ్చు." ఒక్కోసారి తిరిగి రాదని కూడా నాకు తెలుసు. అది చెప్పలేదు.

వాడు కదల్లేదు. ఎండ ఇంకా వాడి వీపు మీద ఉంది. బావ అది గమనించినట్టున్నాడు. చుట్టూ అంత వెడల్పు ఏరు, కనుచూపు మేర ఖాళీ ఇసుక. అయినా అతను మెల్లగా తన కాళ్ళు ముడుచుకున్నాడు, మోకాళ్ళు గడ్డానికి తగిలేదాకా. రాతికి ఒరిగిపోయి, పక్కన జానెడు సందు చేశాడు.

"రండి," అన్నాడు. "ఎండలో ఉన్నారు. ఇక్కడ ఒక మనిషికి చోటుంది."

వాడు వచ్చి ఆ సందులో కూర్చున్నాడు.